ఎండలో మాయమయ్యే బటన్లు: మా బ్యాంకు యాప్ కొత్త రూపం మూడు నెలలు వాడాక

మా ఇంట్లో ముగ్గురికీ ఖాతాలున్న బ్యాంకు తన మొబైల్ యాప్ రూపాన్ని మొత్తం మార్చేసి మూడు నెలలు దాటింది. బ్యాంకు పేరు రాయడం లేదు. ఇదే తరహా రూపం వేరే యాప్‌లలోకి కూడా వరసగా వచ్చేస్తోంది, కాబట్టి పేరు కన్నా విషయం తెలియడం ముఖ్యం. నేను హైదరాబాద్‌లో యాప్‌ల తెరలు డిజైన్ చేసే పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను, శనివారం వచ్చిందంటే నల్లగొండ బస్సెక్కుతాను. అందువల్ల ఈ యాప్‌ని నా ఫోన్‌లో ఒకసారి, అమ్మ ఫోన్‌లో ఒకసారి, తోట దగ్గర నాయిన ఫోన్‌లో ఇంకోసారి, ఇలా మూడు చోట్లా చూశాను. ముందే చెప్పేస్తున్నాను, నేను ఇచ్చింది 5కి 2 స్టార్లు. ఆ రెండూ ఎందుకు ఇచ్చానో కూడా చెప్పాలి కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాత యాప్ తెరవగానే పైన లోన్ ప్రకటన జారుతూ ఉండేది, దాని కింద ఇన్సూరెన్స్ ప్రకటన, దాని కింద చిన్న చిన్న బొమ్మలు. ఒకసారి లెక్కపెట్టాను, మొదటి తెర మీదే 31 ఉన్నాయి. అందులో మా అమ్మకి కావలసినవి రెండే: ఖాతాలో ఎంత ఉంది, సంఘం కిస్తీ కట్టడం. ఆమె మా వాడ పొదుపు సంఘంలో లెక్కలు చూస్తుంది, నెలకోసారి పది మంది దగ్గర డబ్బులు తీసుకుని ఆన్‌లైన్‌లో కడుతుంది. ఆ 31 బొమ్మల మధ్య తన రెండింటినీ వెతుక్కోవడానికి అద్దాలు పెట్టుకుని కూర్చునేది. కొత్త యాప్‌లో ఆ గోల మొత్తం పోయింది. పైన ఖాతాలో ఉన్న మొత్తం, పెద్ద అంకెల్లో. కింద నాలుగే పనులు: పంపు, తీసుకో, బిల్లులు, లావాదేవీలు. ప్రకటన ఒక్కటి కూడా లేదు. డబ్బు పంపడానికి పాత దాంట్లో ఏడు తెరలు దాటాల్సి వచ్చేది, ఇప్పుడు మూడు. దీని వెనక కూర్చున్న డిజైనర్లు లోపల ఎంత మందితో వాదించి ఆ ప్రకటనలు తీయించి ఉంటారో ఈ పనిలో ఉన్న నాకు తెలుసు. తీసెయ్యడం అన్నిటికన్నా కష్టమైన పని, ఆ విషయంలో వాళ్లకి దండం పెడతాను. రెండు స్టార్లూ దానికే.

ఇక మిగతాది.

మొదటి తెర వెనక ఒక నీలం ఊదా కలిసిన అల ఉంటుంది, నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. దాని మీద పెట్టెలన్నీ బాత్రూం కిటికీకి వేసే మసక అద్దంలా ఉంటాయి, వెనక రంగు లోపలి నుంచి కనిపిస్తుంది. సమాచారం చూపించే పెట్టె అదే అద్దం, నొక్కాల్సిన బటన్ అదే అద్దం, ఇప్పుడు పని చెయ్యని బటన్ కూడా అదే అద్దం, కాకపోతే ఇంకాస్త మసక. అక్షరాలు సన్నగా, బూడిద రంగులో. నా ఫోన్‌లో, ఆఫీసు లైట్ల కింద, నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. నేను కూడా మొదటి రోజు స్క్రీన్‌షాట్ తీసి మా టీమ్‌కి పంపాను. ఆ శనివారం ఇంటికి వచ్చి అమ్మ ఫోన్‌లో అప్‌డేట్ చేసి చేతికిచ్చాను. ఆమె చూసి అన్న మొదటి మాట, "గిదేంది బిడ్డా, అంతా పొగ పట్టినట్టు కొడ్తుంది?" రెండో మాట, "ఒత్తేటిది ఏడుంది?"

ఆ రెండో ప్రశ్నే ఈ రివ్యూ అంతా. ఒత్తేది ఎక్కడుందో చెప్పలేని తెర ఎంత అందంగా ఉన్నా డబ్బు లావాదేవీకి పనికిరాదు.

నాయిన దగ్గర జరిగింది కూడా చెప్తాను. మాకు గుర్రంపోడు వైపు బత్తాయి తోట ఉంది. కోత అయ్యాక కాయ మార్కెట్‌కి వెళ్లడానికి డీసీఎం మాట్లాడుకుంటాం. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటింది, లోడ్ ఎక్కించారు, డ్రైవర్ కిరాయి అడుగుతున్నాడు, 6,500. నాయిన చెట్ల బయట గట్టు మీద నిలబడి యాప్ తెరిచాడు. డబ్బు పంపే తెరలో ఇంతకుముందు పంపిన వాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి అద్దం పట్టీల్లా వస్తాయి, అన్నిటికన్నా చివరగా పంపిన పేరు ముందే ఎంపికై ఉంటుంది. ఆ రోజు అది ఎరువుల దుకాణం. నాయిన డ్రైవర్ పేరు మీద వేలు పెట్టాడు, వేలు పక్కనున్న చిన్న నక్షత్రం గుర్తు మీద పడింది. ఆ గుర్తు పేరుని ఇష్టమైన వాళ్ల జాబితాలోకి చేరుస్తుంది అంతే, ఎంపిక మారదు. ఎంపికైన పట్టీకి, కాని పట్టీకి తేడా ఏమిటంటే మొదటిది కొంచెం తెల్లగా ఉంటుంది. ఎండలో ఆ కొంచెం ఎవరికి కనిపిస్తుంది? ఆ తర్వాత వచ్చే నిర్ధారణ తెరలో మొత్తం పెద్దగా ఉంది, పేరు మాత్రం కింద సన్నని బూడిద అక్షరాల్లో ఉంది. పిన్ కొట్టాడు, 6,500 ఎరువుల దుకాణానికి వెళ్లిపోయింది.

ఆ దుకాణం ఆయన మంచివాడు, నాయినకి అక్కడ ఉద్దెర ఖాతా ఉంది కాబట్టి అందులో జమ కట్టుకున్నాడు, పైసా నష్టం లేదు. కానీ డ్రైవర్ ముందు నిలబడి నాయిన పడ్డ టెన్షన్ నాకు ఫోన్‌లో గొంతులోనే తెలిసిపోయింది. "ఆయన పేరు మీదనే ఒత్తిన బిడ్డా, ఎండల ఏం కనవడ్తలేదు" అని మూడు సార్లు అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. అదే నన్ను బాగా బాధపెట్టింది. నలభై ఏళ్లుగా మార్కెట్‌లో లెక్క తప్పని మనిషి అతను. తప్పు ఆ తెరది.

ఇది ఎందుకు జరుగుతుందో కొంచెం లోపలికి వెళ్లి చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని "పెద్దవాళ్లకి ఫోన్ రాదు" అనే ఖాతాలో వేసేస్తారు. మన కన్ను వెలుతురు పైనుంచి వస్తుందనే లెక్కతోనే చూస్తుంది, సూర్యుడు ఎప్పుడూ పైనే ఉంటాడు కాబట్టి. ఒక ఆకారానికి పై అంచు తెల్లగా, కింది అంచు నల్లగా ఉంటే అది ఉబ్బెత్తుగా ఉందని, అటుది ఇటైతే లోపలికి నొక్కి ఉందని మెదడు తీర్మానిస్తుంది, మనం ఆలోచించకుండానే. విండోస్ 95లో ఆ బూడిద బటన్లు గుర్తున్నాయా, పై అంచు, ఎడమ అంచు తెల్లగా, కింద, కుడి అంచు ముదురుగా ఉండేవి, నొక్కితే ఆ రెండూ తారుమారయ్యేవి. అందంగా ఉండేవని ఎవరూ అనరు. కానీ ఏది ఒత్తాలో, ఒత్తినట్టు అయిందో లేదో తెలియని మనిషి ఉండేవాడు కాదు. మా నాయిన చాలా ఏళ్లు వాడిన కీప్యాడ్ ఫోన్‌లో మీటలు నిజంగానే ఉబ్బెత్తుగా ఉండేవి, అతను చీకట్లో కూడా నంబర్ కొట్టేవాడు.

తర్వాత కాలం ఇంకో చివరికి వెళ్లింది. ఐప్యాడ్ క్యాలెండర్‌కి తోలు అట్ట, దాని మీద కుట్లు, పుస్తకాలకి చెక్క బీరువా, ఇలా తెర మీద నిజమైన వస్తువుల బొమ్మలు నిండిపోయాయి. దానికి విసుగెత్తి మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8ని చదునైన రంగు పలకలతో తెచ్చింది, యాపిల్ 2013లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7లో తోలు, చెక్క అన్నీ ఊడబీకింది. వాటితో పాటే బటన్ అంచులు కూడా పోయాయి. నీలం రంగు అక్షరాలుంటే అదే బటన్. ఆరు నెలల్లోనే, 2014 మార్చిలో ఐఓఎస్ 7.1 వచ్చినప్పుడు బటన్ల వెనక ఆకారం చూపించే సెట్టింగ్ ఇవ్వాల్సి వచ్చింది. ఈ చదును రూపం గురించి, వెబ్‌సైట్లు, యాప్‌లు జనం ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2017లో 71 మందితో తొమ్మిది వెబ్‌సైట్ల తెరల మీద ఒక పరీక్ష పెట్టింది, ఒకే తెరకి రెండు రకాలు తయారు చేసి, ఒకదాంట్లో నొక్కేవాటికి స్పష్టమైన గుర్తులుంచి, ఇంకోదాంట్లో ఆ గుర్తుల్ని బలహీనం చేసి. రెండోదాంట్లో కావలసింది వెతకడానికి 22 శాతం ఎక్కువ సమయం పట్టింది. మా అమ్మకి పట్టిన సమయం నేను గడియారం పెట్టి చూడలేదు కానీ, "పంపు" అన్నది బటన్ అని ఆమెకి తెలియడానికి నేను వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

ఈ రెండు చివరల మధ్య ఒక దారి ఉంది, దాన్ని గూగుల్ 2014లో మెటీరియల్ డిజైన్ పేరుతో రాసి పెట్టింది. తోలు, చెక్క లేవు, తెర సాదాగానే ఉంటుంది, కానీ ప్రతిదానికీ ఒక ఎత్తు ఉంటుంది. పై పట్టీ 4 యూనిట్ల ఎత్తులో, మూలన గుండ్రని బటన్ 6లో, మధ్యలో వచ్చి ప్రశ్న అడిగే పెట్టె 24లో. ఎత్తు పెరిగిన కొద్దీ నీడ పెద్దదై మెత్తబడుతుంది, కాబట్టి ఏది ముందుంది, ఏది వెనక ఉంది, దేనికి ఇప్పుడు జవాబివ్వాలి అన్నది నీడే చెప్తుంది. ఆ నీడని కూడా రెండు వెలుగుల నుంచి లెక్కకట్టారు, ఒకటి ఒక దిక్కు నుంచి పడే దీపం, ఇంకోటి చుట్టూ చెదిరి ఉండే వెలుతురు.

ఆ రెండో రకం నీడ గురించి మా నల్లగొండ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరి పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో స్తంభం నీడలాంటిది పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా కదలకుండా అక్కడే ఉంటుంది. అది నేరుగా పడే ఎండ నీడ కాదని, మండపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురుకి స్తంభాలు అడ్డం రావడం వల్ల ఏర్పడేదని, అందుకే సూర్యుడితో పాటు జరగదని వివరిస్తారు. కుందూరు చోడుల కాలం నాటి గుడి. కార్తీక మాసంలో అమ్మతో వెళ్లినప్పుడు ఆ నీడ ముందు నేను ఎప్పుడూ ఎక్కువసేపు నిలబడతాను. ఆ రాళ్లని ఎక్కడ నిలబెడితే వెలుతురు ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి కట్టినట్టు ఉంటుంది. మా పనిలో నీడ వెయ్యడం ఒక్క గీత మార్చినంత తేలిక, అందుకే ఎందుకు వేస్తున్నామో మర్చిపోతాం.

ఈ బ్యాంకు యాప్‌లో ఉన్న లోతు వేరే జాతిది. అది అద్దం లోతు. అద్దం కొత్తదేం కాదు, 2007లో వచ్చిన విండోస్ విస్టాలో తెర మీది విండోల అంచులు ఇలాగే ఉండేవి, విండోస్ 8లో తీసేశారు. 2025 జూన్‌లో యాపిల్ లిక్విడ్ గ్లాస్ అనే అద్దం రూపం చూపించగానే మళ్లీ ఆ గాలి మొదలైంది, ఆ సెప్టెంబర్‌లో ఐఓఎస్ 26తో ఫోన్లలోకి వచ్చింది. అక్కడ కూడా నవంబర్‌లో వచ్చిన 26.1లోనే అద్దాన్ని ముదురు చేసుకునే ఎంపిక ఇచ్చారు. 2014లో బటన్ ఆకారాలు, 2025లో ముదురు అద్దం, రెండుసార్లూ తీసేసినదాన్ని తర్వాత సెట్టింగ్‌గా తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మా బ్యాంకు అద్దం తెచ్చుకుంది, ఆ సెట్టింగ్ తెచ్చుకోలేదు.

అద్దంతో ఉన్న అసలు చిక్కు ఇది: దాని మీది అక్షరం ఎంత బాగా కనిపిస్తుందన్నది దాని వెనక ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. వెబ్ కోసం అందరూ ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం మామూలు అక్షరానికి, దాని వెనక రంగుకి వెలుగులో తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలైతే 3కి 1. ఈ యాప్‌లో ఆ అల కదులుతూ ఉంటుంది కదా, నేను స్క్రీన్‌షాట్లు తీసి కొలిచాను. అల ముదురు భాగం వెనక ఉన్నప్పుడు "పంపు" అన్న మాటకి 5 దాకా వచ్చింది, లేత భాగం వచ్చేసరికి 2.3కి పడిపోయింది. అదే మాట, అదే బటన్, మూడు సెకన్ల తేడాలో. ఎండలో ఫోన్ గాజు మీద పడే తెల్లటి మెరుపు ఆ తేడాని ఇంకా తగ్గిస్తుంది, అది ఏ ఫోన్‌కైనా ఉండేదే. గట్టు మీద నాయిన ఫోన్‌లో మిగిలింది ఎంతో ఊహించుకోండి.

ఇంకో సంగతి, ఇది తెలుగులో పెట్టుకున్న వాళ్లకి మాత్రమే తెలుస్తుంది. ఈ యాప్‌ని ఇంగ్లీషు అక్షరాల కొలతలతో గీసి తర్వాత తెలుగు పోసినట్టుంది. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, వరసకి ఎత్తు ఎక్కువ కావాలి. బటన్ ఎత్తు మారకుండా బిగించేసినందుకు "చెల్లింపు" అన్న మాటలో కింది ఒత్తు సగానికి కోసుకుపోయింది, "చెలింపు" లాగా కనిపిస్తుంది. "లబ్ధిదారుని జోడించండి" అన్నది పట్టక "లబ్ధిదారుని జో..." అని ఆగిపోతుంది, జోడించాలో జోకొట్టాలో చదివేవాళ్లే ఊహించుకోవాలి. అసలు ఆ మాటెందుకు, "కొత్త పేరు" అంటే సరిపోయేది, అమ్మకి కూడా అర్థమయ్యేది. సన్నని అక్షరాలు ఇంగ్లీషుకి చూడ్డానికి నాజూకుగా ఉంటాయేమో, తెలుగులో అన్నీ గుండ్రాలు, మెలికలు. చిన్న సైజులో సన్నగా, బూడిద రంగులో వేస్తే "మ" ఏదో "య" ఏదో నాకే పోల్చుకోవడానికి ఇబ్బందిగా ఉంది, నా కళ్లకి ఇంకా అద్దాలు రాలేదు.

పిన్ కొట్టే తెర గురించి ఒక్క మాట. అంకెల చుట్టూ గీతలు లేవు, గడులు లేవు, అంకెలు గాల్లో తేలుతుంటాయి. నొక్కినప్పుడు రంగు మారదు, చప్పుడు లేదు, వణుకు లేదు. నొక్కే చోటు కనీసం 48 యూనిట్లు, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ చెప్తుంది. ఇక్కడ చోటు అంతే ఉండొచ్చు, కానీ అది ఎక్కడి నుంచి ఎక్కడికో కంటికి కనిపించదు. బత్తాయి కోసి, బంక పట్టిన వేళ్లతో కొట్టేవాళ్లకి అది కనిపించాలి.

వేగం సంగతి. నా ఫోన్‌లో ఏ ఇబ్బందీ లేదు. నాయినది నాలుగేళ్ల కిందటి తక్కువ ధర ఫోన్, మసక అద్దం చూపించాలంటే ఫోన్ వెనకున్న చుక్కల్ని చదివి, పక్క చుక్కలతో కలిపి, మళ్లీ మళ్లీ గియ్యాలి, పైగా ఇక్కడ వెనకున్నది కదులుతోంది కాబట్టి ఆ పని ఆగదు. పేర్ల జాబితా జరిపితే ఆగి ఆగి కదులుతుంది. వేలు పడాల్సిన చోట పడకపోవడానికి అది కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఇదే యాప్ వాడుతున్న వాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి హై కాంట్రాస్ట్ టెక్స్ట్ (ఆండ్రాయిడ్ 16లో దాని బదులు ఔట్‌లైన్ టెక్స్ట్) అనేది ఆన్ చెయ్యండి, అమ్మ ఫోన్‌లో అక్షరాలకి దాంతో కొంచెం ప్రాణం వచ్చింది. ఐఫోన్ అయితే అక్కడే రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ, బోల్డ్ టెక్స్ట్ ఉంటాయి, కానీ ఈ యాప్ ఆ మొదటి సెట్టింగ్‌ని పట్టించుకోదు, నా సహోద్యోగి ఫోన్‌లో చూశాను, సొంతంగా గీసుకున్న అద్దం కాబట్టి ఫోన్ మాట వినదు. బయట ఎండలో వాడేటప్పుడు డార్క్ థీమ్ వద్దు, తెల్లదే ఉంచండి. అక్షరాల సైజు మాత్రం మరీ పెంచకండి, పెంచితే తెలుగు ఒత్తులు ఇంకా కోసుకుపోతున్నాయి.

కస్టమర్ కేర్‌కి స్క్రీన్‌షాట్లు, కొలతలు, నాయినకి జరిగింది అన్నీ వివరంగా రాసి పంపాను. తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది: యాప్‌ని తీసేసి మళ్లీ వేసుకోండి అని. నేను రాసింది ఎవరూ చదవలేదు. రెండోసారి రాశాను, ఈసారి మూడే అడిగాను. ఎంపికైన పేరు చుట్టూ ఒక ముదురు గీత, పక్కన ఒక టిక్. నొక్కాల్సిన బటన్‌కి మాత్రం అద్దం తీసేసి నిండు రంగు. నిర్ధారణ తెరలో మొత్తం ఎంత పెద్దగా ఉందో పేరు కూడా అంతే పెద్దగా, నల్లగా. ఇవి పెట్టినందువల్ల తెర సాదాతనం ఏమీ చెడదు, మిగతా అద్దం అంతా వాళ్లు ఉంచుకోవచ్చు. నా చేతిలో ఫైల్ ఉంటే ఒక పూటలో మార్చగలను, పరీక్షలతో కలిపి ఒక వారం.

ఇంకా జవాబు రాలేదు. అమ్మ కిస్తీ కట్టే రోజు నేను ఇంట్లో ఉండేలా చూసుకుంటున్నాను. నాయిన డీసీఎం కిరాయి ఇప్పుడు నగదే ఇస్తున్నాడు, దానికోసం ముందు రోజు ఏటీఎం దాకా పోయి వస్తున్నాడు, రానూపోనూ పదహారు కిలోమీటర్లు. ఆ గీత, ఆ టిక్ వచ్చిన రోజు మూడో స్టార్ ఇస్తాను, తెలుగు ఒత్తులు సరిచేస్తే నాలుగోది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మొదట గట్టు మీదికి తీసుకెళ్లి, మధ్యాహ్నం ఎండలో, నాయిన చేతిలో పెట్టి చూస్తాను.